తూటాకు లోబడిన పిస్తోలు

గత సంచికలో బ్రౌనింగు రూపకల్పనయైన .45 పిస్తోలు అమెరికా సైన్యమున ప్రవేశించిన వృత్తాంతమును ముగించితిమి. 1911 మార్చిలో జరిగిన తుది పరీక్షయందు ఆరువేల తూటాలు వరుసగా కాల్చబడినవనియు, గొట్టము చేత పట్టరానంత వేడెక్కినప్పుడెల్ల పిస్తోలును నీళ్లలో ముంచి మరల కాల్చిరనియు, ఆ ఆరువేలలో కోల్టు కంపెనీవారు నిర్మించిన ఆ బ్రౌనింగు పిస్తోలు ఒక్కమారైనను అడ్డుపడలేదనియు, దానితో పోటీకి నిలిచిన సావేజి పిస్తోలు ముప్పదియేడు మారులు ఆగిపోయెననియు పాఠకులకు జ్ఞప్తియందుండును. చేతి తుపాకి విషయమున నమ్మకమనగా నేమో లోకము ఆనాడు కన్నులార చూచినది. అటుపిమ్మట పుట్టిన ప్రతి పిస్తోలును, అది ఏ దేశమున ఏ ప్రయోజనమునకై పుట్టినను, ఆ ఆరువేల తూటాల నీడలోనే తన యోగ్యతను నిరూపించుకొనవలసి వచ్చెను.

ఈ సంచికలో చెప్పబోవునది సైనికుని నడుమున వ్రేలాడు పిస్తోలు కథ కాదు. దుప్పిని, అడవిపందిని, ఎలుగును ఎదుర్కొనుటకై, రైఫిలు శక్తిలో ఒక పాలునైన పిడికిటిలో నిముడ్చవలెనను కోరికతో జనించిన పెద్దబోరు సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్ల కథ. ఇది యధికభాగము అమెరికాలో నడిచినది. ఆరంభము మాత్రము ఇంగ్లండులో. దీనిని చదువునప్పుడు పాఠకులొక్క విషయమును మనస్సునం దుంచుకొనవలెనని నా ప్రార్థన. ఈ పిస్తోళ్లలో ఏది నిలిచినది, ఏది కూలినది యను నిర్ణయము దాని యుక్కు నాణ్యమును బట్టియు, దానిని తలపోసిన వాని ప్రతిభను బట్టియు జరిగినదానికంటె, అది యే తూటాను మ్రింగుటకు నిర్మింపబడెనో ఆ తూటాను బట్టియే యెక్కువగా జరిగినది.

ఎందువలననగా, రివాల్వరునందు తూటాల చక్రమును త్రిప్పునది మనుష్యుని వ్రేలు. తూటాలో మందు తక్కువైనను ఎక్కువైనను చక్రము తిరుగక మానదు. ఒక తూటా పేలకపోయినచో మీటను మరల నొక్కిన చాలును, తరువాతి తూటా గొట్టమునకు సూటిగా వచ్చి నిలుచును. సెమీ ఆటోమేటిక్ పిస్తోలునందట్లు కాదు. గుండును ముందునకు నెట్టిన విస్ఫోటమే వెనుకకు తిరిగి, బోల్టు గడియను విప్పి, కాలిన తూటాగుల్లను లాగి బయటికి విసరి, సుత్తిని ఎక్కుపెట్టి, స్ప్రింగును నొక్కవలెను. ఆ స్ప్రింగు మరల సాగి, మ్యాగజైను పైనున్న క్రొత్త తూటాను గొట్టములోనికి త్రోయవలెను. ఇన్ని పనులును రెప్పపాటుకంటె తక్కువ కాలములో, ఎవరి సాయమును లేక, ఒక్క తూటా శక్తితోనే జరుగవలెను. ఏతమునకు వెనుక కట్టిన బరువు తక్కువైనచో బాన లేవదు, ఎక్కువైనచో ఏతమే అదుపు తప్పును. పిస్తోలులోని స్లైడును అట్టిదే. తూటా బలహీనమైనచో స్లైడు పూర్తిగా వెనుకకు పోక నడుమనే చిక్కుకొనును. మితిమీరి బలమైనదైనచో, మ్యాగజైను స్ప్రింగు తరువాతి తూటాను పైకెత్తకమునుపే స్లైడు ముందునకు వచ్చి ఖాళీగా మూసికొనును. ఈ రెంటి నడుమనున్న ఇరుకైన చోటే పిస్తోలు నమ్మకమునకు తావు. శక్తి పెరిగినకొలది ఆ చోటు మరింత సన్నబడును. ఈ కథయంతయు ఆ సన్నని చోట నిలువజూచిన వారి కథ.

ఈ మార్గమున మొదట అడుగిడినవాడు హ్యూ గాబెట్-ఫెయిర్‌ఫాక్స్ అను ఆంగ్లేయుడు. ఆయన పిస్తోలు పేరు మార్స్, యుద్ధదేవత పేరు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో రూపొంది, కొంతకాలము వెబ్లీ కంపెనీవారి చేతిమీదుగా బర్మింగ్‌హాములో నిర్మింపబడి, 8.5 మిల్లీమీటర్లు, 9 మిల్లీమీటర్లు, .45 అంగుళము అను పరిమాణములలో వెలువడిన ఆ పిస్తోలు, తన కాలమున ప్రపంచములోని చేతి తుపాకులన్నింటిలో బలిష్ఠమైనదని ప్రకటింపబడెను. ఆ ప్రకటనలో అతిశయోక్తి లేదు. దాని .45 తూటా 220 గ్రెయినుల గుండును సెకనుకు 1,200 అడుగులకు మించిన వేగముతో విసరెడిది; తరువాత పదేండ్లకు వచ్చిన బ్రౌనింగు .45 తూటా 230 గ్రెయినుల గుండును 830 అడుగుల వేగముతో మాత్రమే పంపెను. లెక్క కట్టి చూచినచో మార్సు శక్తి దానికి దాదాపు రెట్టింపు.

ఇంతటి శక్తిని బంధించుటకై ఫెయిర్‌ఫాక్స్ ఎన్నుకొనిన యంత్రరచన విలక్షణమైనది. గొట్టమును బోల్టును ఒకదానినొకటి పట్టుకొని చాలదూరము వెనుకకు జరుగును. అక్కడ బోల్టు తిరిగి గడియ విడివడును. గొట్టము మాత్రము ముందునకు పోవును. ఆలోపల ఒక పరికరము మ్యాగజైనులోని తూటాను వెనుకకు లాగి పైకెత్తును. కాల్చువాడు మీటను వదలిన పిమ్మటగాని బోల్టు ముందునకు దూకి ఆ తూటాను గొట్టమున నింపదు. ఇది పనిచేయకపోలేదు. కాని ఇన్ని భాగములు ఇంత దూరము ఇంత బలముగా కదలుటవలన పిస్తోలు చేతిలో ఎగిరిపడెడిది. కాలిన తూటాగుల్ల సూటిగా వెనుకకు, అనగా కాల్చువాని ముఖముమీదికే, వచ్చెడిది. 1901 మొదలు 1903 వరకు బ్రిటిషు సైనిక నావికాధికారులు దీనిని పరీక్షించిరి. ఒక్కమారు దానిని కాల్చినవాడెవ్వడును రెండవమారు కాల్చగోరలేదని నావికా ఫిరంగి విద్యాలయాధిపతి వ్రాసిన అభిప్రాయము ఆయుధ చరిత్రకారులు తరచుగ స్మరించునట్టిది. ప్రభుత్వము దానిని స్వీకరింపలేదు. ఫెయిర్‌ఫాక్స్ 1902లోనే దివాలా తీసెను. ఆయన హక్కులను గైకొని యేర్పడిన సంఘమును 1907లో మూతపడెను. మొత్తము తయారైన మార్సు పిస్తోళ్లు నూటికి లోపు.

ఈ మహాశయుని మనము తక్కువగా ఎంచరాదు. శక్తిమంతమైన తూటాకు తిరుగు బోల్టే తగిన గడియయని ఆయన గ్రహించిన సత్యమును, డెబ్బదియేండ్ల తరువాత వచ్చినవారు మరల గ్రహింపవలసివచ్చెను. ఆయన లోపమల్లా తూటాను ముందుగా తలపోసి, ఆ తూటాను భరింపవలసిన మానవహస్తమును తరువాత తలపోయుటయే. చేయి కూడ యంత్రములో నొక భాగమని పెద్దబోరు పిస్తోలు విషయమున మరువరాదు. మణికట్టు వదులుగా నున్నచో స్లైడు వెనుకకు పోవుటకు బదులు పిస్తోలంతయు వెనుకకు పోవును, మంచి యంత్రము సైతము చిక్కుకొనును.

మార్సు మరుగుపడిన తరువాత అర్ధశతాబ్దము పెద్దబోరు శక్తియంతయు రివాల్వరు పాలయ్యెను. 1935లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీవారు .357 మ్యాగ్నమును తెచ్చిరి. ఇడాహో రాష్ట్రపు పశుపాలకుడును, వేటగాడును, వ్యాసకర్తయునైన ఎల్మర్ కీత్ పాత .44 స్పెషల్ తూటాలో మందు పెంచి తానే నింపుకొని సంవత్సరముల తరబడి వేటాడి, అట్టి తూటాను కంపెనీలే చేయవలెనని వ్రాసి వ్రాసి, కడకు రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలను ఒప్పించెను. 1955 చివర .44 మ్యాగ్నము పుట్టెను. 240 గ్రెయినుల గుండు, సెకనుకు దాదాపు 1,400 అడుగుల వేగము. చేతి తుపాకితో పెద్దజంతువును వేటాడుట సాహసికుల విలాసముగా కాక, పట్టుదలగల వేటగాండ్రకు సాధ్యమైన విద్యగా మారినది ఆనాటినుండియే.

ఇక ఆ శక్తిని సెమీ ఆటోమేటిక్ పిస్తోలులోనికి తెచ్చుట యెట్లు? రివాల్వరు తూటాకు అడుగున వెడల్పైన అంచుండును. చక్రపు రంధ్రములో తూటా లోపలికి జారిపోకుండ నిలుపునది ఆ యంచే. మ్యాగజైనులో తూటాలు ఒకదానిపై నొకటి పేర్చబడినప్పుడు ఆ యంచే శత్రువగును. పైతూటా అంచు క్రింది తూటా అంచు వెనుకకు జారెనా, రెండును పెనవేసికొని కదలవు. కాబట్టి అంచులేని క్రొత్త తూటానే సృష్టింపవలెనని కాలిఫోర్నియాలోని పాసడీనా వాస్తవ్యుడు హ్యారీ శాన్‌ఫర్డ్ నిశ్చయించెను. సైన్యమువారి .30-06, .308 రైఫిలు తూటాగుల్లలను సుమారు 33 మిల్లీమీటర్ల పొడవునకు కోసి, లోపలి గోడను చెక్కి పలుచన చేసి, .44 మ్యాగ్నము గుండునే అందు బిగించెను. ఇదియే .44 ఆటో మ్యాగ్ తూటా. దానికి తగిన పిస్తోలు స్టెయిన్‌లెస్ ఉక్కుతో, తిరుగు బోల్టుతో, ఏడు తూటాల మ్యాగజైనుతో, ఆరున్నర అంగుళముల గొట్టముతో, కిలోన్నరకు మించిన బరువుతో 1971 ఆగస్టులో కొనుగోలుదారులకు చేరనారంభించెను.

ఆటో మ్యాగును చేతబట్టి చూచినవారెవ్వరును దాని సౌందర్యమును కాదనలేరు. వెనుకకు సాగిన బోల్టు, వెడల్పైన పిడి, పైన గాలి తగులుటకు వీలుగా పట్టీ తీర్చిన గొట్టము, ఇవన్నియు ఆనాటి పిస్తోళ్లలో దేనికిని లేని ఠీవిని దానికి తెచ్చినవి. కాని ఆ ఠీవి వెనుక మూడు కష్టములు పొంచియుండెను. మొదటిది లోహముది. ఒకే విధమైన స్టెయిన్‌లెస్ ఉక్కు భాగములు ఒకదానిపై నొకటి ఒత్తిడితో రాసికొన్నచో, నూనె లేనప్పుడు, ఉపరితలములు చిరిగి ఒండొంటికి అతుకుకొనును. స్టెయిన్‌లెస్ పిస్తోలు ఇంకను క్రొత్తయైన ఆ దినములలో ఈ దోషమును నివారించు మిశ్రమలోహముల ఎంపిక యెల్లరకును చేతికందలేదు. రెండవది ధర. మొదట నిర్ణయించిన 217 డాలర్ల వెలకు అంతటి సూక్ష్మమైన పనితనమును అమ్ముట కంపెనీకి నష్టముగా పరిణమించెను. మూడవదియు, నా యభిప్రాయమున అన్నింటికంటె ఘోరమైనదియు, తూటా. పిస్తోలు అంగడికి వచ్చునాటికి దాని తూటాను పెద్ద అమెరికన్ కంపెనీ యేదియు చేయుటలేదు. కొనినవాడు రైఫిలు గుల్లలు తెచ్చుకొని, తానే కోసి, తానే చెక్కి, తానే మందు నింపుకొనవలెను. ఒకని కోత ఒకనికి సరిపోలదు. ఒకని మందు కొలత మరియొకని కొలత కాదు. పైన చెప్పిన ఇరుకైన చోట నిలువవలసిన యంత్రమునకు ప్రతి యింటిలో ప్రతి బల్లమీద వేరువేరుగా తయారైన తూటా ఆహారమైనది. అది తరచుగా అడ్డుపడెనని వినుటలో వింత యేమున్నది? అడ్డుపడిన ప్రతిమారును నింద పిస్తోలుకు తగిలెను. తరువాత మెక్సికోలోను, స్వీడనులోని నార్మా కర్మాగారమునందును తూటాలు తయారైనవి గాని, అవియు పుష్కలముగా దొరకినవి కావు.

1972 మే నెలలో పాసడీనా కంపెనీ దివాలా తీసెను. అటుపిమ్మట హక్కులు చేతులు మారి, ఉత్తర హాలీవుడ్డులోను, ఎల్‌మాంటీలోను నిర్మాణము కొనసాగెను. 1974లో ఇండియానా రాష్ట్రపు లీ జురాస్ అమ్మకపు బాధ్యతను స్వీకరించెను. సూపర్ వెల్ అను తూటాల సంస్థను స్థాపించి, తేలికైన గుండు ఎక్కువ వేగముతో పోయి మాంసమున విచ్చుకొనుటయెట్లో అమెరికాకు చూపినవాడాయనయే. తూటా మర్మమెరిగినవాడు తూటావలన చెడిన పిస్తోలును చేపట్టుట సముచితమే. వేటగాండ్రను ఒకచోట చేర్చి, ప్రత్యేకమైన గొట్టములను, పిడులను చేయించి, ఆటో మ్యాగును వేటపిస్తోలుగా నిలుపుటకు ఆయన చేసిన కృషి నిష్కపటమైనది. శ్రద్ధతో తూటాలు నింపుకొని, నూనె మరువక, దానిని అర్థము చేసికొనిన వారికి అది చక్కగా పనిచేసిన సంగతియు నిజమే. కాని యజమాని పాండిత్యముపై నాధారపడు నమ్మకము నమ్మకము కాదు. 1982లో నిర్మాణము ఆగిపోయెను. ఆ మరుసటి సంవత్సరమే క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘సడెన్ ఇంపాక్ట్’ చిత్రములో దానిని చేతబట్టగా, అంగడిలో లేని పిస్తోలుకు లోకమంతట కీర్తి వచ్చెను.

శాన్‌ఫర్డ్ తూటాను మార్చి పిస్తోలును నిలుపజూచెను. మినియాపొలిసు నగరమున 1979లో స్థాపింపబడిన మ్యాగ్నం రీసెర్చి సంస్థవారు అందుకు విపరీతముగా ఆలోచించిరి. ఏ పల్లె అంగడిలోనైన దొరకు .357 మ్యాగ్నము, .44 మ్యాగ్నము తూటాలను, వాని అంచుతో సహా, ఉన్నవి యున్నట్లే స్వీకరించి, యంత్రమునే వానికి లోబరుపవలెనని వారి సంకల్పము. ఈ సంకల్పమునుండి పుట్టినదే డెజర్ట్ ఈగిల్. బెర్నార్డ్ వైట్ పేటెంటునకు 1983లో దరఖాస్తు పెట్టెను. ఇజ్రాయెల్ మిలిటరీ ఇండస్ట్రీసువారు ఆ రచనను సరిదిద్ది నిర్మాణమును చేపట్టిరి. మొదట .357, పిదప .44, 1991 ప్రాంతమున .50 యాక్షన్ ఎక్స్‌ప్రెస్ అను తూటాలకు అది వెలువడెను.

దీని రచనను కొంచెము నిదానముగా పరిశీలించుట మంచిది. ఏలయన, నమ్మకము ఎక్కడనుండి వచ్చునో, ఎక్కడ పోవునో రెండును ఇందు స్పష్టముగా కనబడును. బ్రౌనింగు పిస్తోలులో వలె గొట్టము ఊగదు; చట్రమునకు స్థిరముగా బిగింపబడియుండును. తూటా గదికి కొంచెము ముందు, గొట్టము అడుగున ఒక సన్నని రంధ్రము కలదు. గుండు ఆ రంధ్రమును దాటగానే మందువాయువులో కొంత అందులోనికి దిగి, గొట్టము క్రింది కాలువ వెంబడి మూతివరకు ముందునకు ప్రయాణించి, అక్కడ ఒక చిన్న పిస్టనును వెనుకకు నెట్టును. పిస్టను స్లైడును నెట్టును. స్లైడు జరుగుచు బోల్టును త్రిప్పి గడియ విప్పును. సైనికుల రైఫిళ్లలోని విధానమిదియే. వాయువు ఇంత దూరము తిరిగి వచ్చులోపల గుండు గొట్టము విడిచిపోయి, లోపలి ఒత్తిడి తగ్గును. గడియ నెమ్మదిగా విడివడును. గొట్టము కదలకుండుటవలన గురి నిలుకడగా నుండును, పైన దుర్భిణి బిగించుటకు పట్టు దొరకును. సుమారు రెండు కిలోల బరువుగల ఆ యుక్కు ముద్ద ఎదురుతన్నును చాలవరకు తానే దిగమ్రింగును. .44 రివాల్వరు కాల్చి మణికట్టు నొచ్చినవారు అదే తూటాను దీనినుండి కాల్చి ఆశ్చర్యపడుట సహజము.

అయినను తూటా తన హక్కును వదలుకొనలేదు. డెజర్ట్ ఈగిల్ గొట్టములోని చాళ్లు పదునైన అంచులు లేని బహుభుజాకృతివి. మీదుమిక్కిలి ఆ సన్నని వాయురంధ్రము. వట్టి సీసపు గుండును ఇందులో కాల్చినచో సీసము ఒలిచి రంధ్రమును పూడ్చివేయును. కాబట్టి రాగితొడుగు గల గుండ్లనే వాడవలెనని నిర్మాతలు శాసించిరి. బలహీనమైన తూటాకు స్లైడు తిరుగదు. మ్యాగజైను పిడిలో కొంచెము వదులుగా కదలుచుండుటవలన, కాల్చువాడు అలవాటుచొప్పున క్రింది అరచేతితో దాని అడుగును పైకి ఒత్తినచో తూటా అందు కోణము మారి అడ్డుపడును. ఇవి తెలిసినవాని చేతిలో అది సాఫీగా నడచును. తెలియనివాడు దానిని చెడ్డ పిస్తోలని దూషించి అమ్మివేయును. ఆటో మ్యాగునకును దీనికిని భేదమేమనగా, దీని నియమములను పాటించుటకు యజమాని పండితుడు కానక్కరలేదు. సరియైన తూటాపెట్టె కొని, గట్టిగా పట్టుకొనిన చాలును. అందువలననే నిర్మాణము ఇజ్రాయెలునుండి మెయిన్ రాష్ట్రమునకును, మరల ఇజ్రాయెలునకును, 2009లో మిన్నెసోటాకును తరలినను, ఆ పిస్తోలు నేటికిని జీవించియున్నది.

.50 తూటా రచనలో ఒక చమత్కృతిని చెప్పక విడువలేను. దాని ఒడలు అర అంగుళమునకు పైబడి లావైనను, అడుగు అంచును మాత్రము .44 మ్యాగ్నము అంచుకు సమానముగా కుదించిరి. దానితో బోల్టు మార్చు పనిలేక, గొట్టమును మ్యాగజైనును మార్చిన మాత్రమున ఒకే పిస్తోలు రెండు తూటాలకును పనికివచ్చెను. 300 గ్రెయినుల గుండును 1,475 అడుగుల వేగముతో పంపు ఆ తూటా శక్తి సుమారు 1,450 అడుగు-పౌనులు. భయంకరమైన సంఖ్యయే. కాని సామాన్య వేటగాని .30-06 రైఫిలు శక్తి దాదాపు 2,800 అడుగు-పౌనులని జ్ఞప్తికి దెచ్చుకొనినచో, మహాపిస్తోలును మధ్యరకపు రైఫిలులో సగమేయని తెలియును.

ఇదే కాలమున మరి కొందరును ఈ రంగమున దిగిరి. కనెక్టికటులో వైల్డీ మూర్ తన పేరిటి పిస్తోలులో వాయువు పాలును కాల్చువాడే హెచ్చించి తగ్గించుకొనుటకు ఒక వలయమును అమర్చి, తూటానుబట్టి యంత్రమును సవరించు మార్గము చూపెను. సమస్యను మూలమున పట్టిన ఉపాయమది. యూటా రాష్ట్రమునందు పెర్రీ ఆర్నెట్ బ్రౌనింగు పిస్తోలునే పెంచి గ్రిజ్లీ యను పేర .45 విన్‌చెస్టర్ మ్యాగ్నమునకు తగినట్లు నిర్మించెను. అది 1983 మొదలు 1999 వరకు నడచెను. ఈ రెండు పిస్తోళ్లకును విన్‌చెస్టరు కంపెనీ 1979లో తెచ్చిన ఆ .45 తూటాయే ఆధారము. ఆ తూటా జనాదరణ పొందకపోవుటయే వాని వ్యాప్తికి హద్దు.

ఇక వేట సంగతి. ఇందు మనకొక పూర్వకథ కలదు. పందొమ్మిదవ శతాబ్దమున మన దేశములో ఏనుగు అంబారీలపై పులివేటకు వెడలిన ఆంగ్ల దొరలు, గాయపడిన పులి ఏనుగు తలమీదికి ఎగబాకినప్పుడు రైఫిలు త్రిప్పుటకు చోటులేక, .577 అంగుళపు రెండు గొట్టముల పొట్టి పిస్తోలును ప్రక్కన నుంచుకొనెడివారు. అంబారీ పిస్తోళ్లని వానికి పేరు. వేటకు రైఫిలు, ప్రాణరక్షణకు పిస్తోలు. ఆ కాలమున ఈ విభజనలో సందేహము లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశమున ఆ వినోదము ముగిసినది, ముగియవలసినదే. జర్మనీలోని వేటచట్టము నేటికిని దాదాపు ఆ పాత విభజననే పాటించుచున్నది: పిస్తోలుతో గాని రివాల్వరుతో గాని జంతువును వేటాడరాదు; బొరియలోని వేటకును, బోనులో చిక్కినదానిని చంపుటకును, గాయపడినదానికి తుది గుండు వేయుటకును మాత్రము అనుమతి కలదు; ఆ తుది గుండు శక్తియు గొట్టపు మూతివద్ద 200 జౌళ్లకు తగ్గరాదు. పిస్తోలునే ప్రధానాయుధముగా చేసికొని దుప్పిని వేటాడుటను ఒక విద్యగా పెంపొందించినవారు అమెరికనులు.

ఆ విద్యలో సెమీ ఆటోమేటిక్ పిస్తోలు నెరవేర్చిన దెంత? శక్తి చాలినదే. .44 మ్యాగ్నము గాని, .50 గాని సరియైన చోట తగిలినచో దుప్పిని, పందిని పడగొట్టుటకు కొరత లేదు. కాని చేతి తుపాకి గుండు రైఫిలు గుండువలె వేగముతో చంపదు. తాను చేసిన రంధ్రము పొడవుచేతను, వెడల్పుచేతను చంపును. భుజపుటెముకను దాటి హృదయము వరకును, శ్వాసకోశముల వరకును చొచ్చుకొనిపోవలెను. అందుకు కీత్ మొదలగు రివాల్వరు వేటగాండ్రు మెచ్చినది బరువైన, చదునుమూతి గల, గట్టిపోతపు సీసపు గుండు. ఆ గుండునే డెజర్ట్ ఈగిల్ తిరస్కరించును! .44 రివాల్వరు చక్రమున పొడవైన 300 గ్రెయినుల గుండు కూర్చున్నను మ్యాగజైను పొడవు దానిని ఒప్పుకొనదు. చదునుమూతి గుండు గొట్టములోనికి ఎక్కుటలో తడబడును. గుండ్రని మూతి సులువుగా ఎక్కును గాని మాంసమున సన్నని దారి చేయును. యంత్రమునకు హితమైన గుండు వేటకు హితము కాకపోవుట, వేటకు హితమైనది యంత్రమునకు గిట్టకపోవుట, ఈ రెంటి సంఘర్షణయే పెద్దబోరు పిస్తోలు వేటలో రివాల్వరును గెలువలేకపోవుటకు మూలము. నమ్మకమును వేటసామర్థ్యమును వేరువేరు గుణములుగా విడదీసి కొలుచువారు ఈ సంగతిని గమనింపరు.

రెండవ గుండు శీఘ్రముగా వేయవచ్చునను వాదము నాకంతగా రుచింపదు. ఏబది గజముల లోపల నిలిచిన దుప్పికి ఊపిరి బిగబట్టి వేసిన మొదటి గుండే వేటగాని ధర్మము. అది తప్పిన పిమ్మట పరుగెత్తు జంతువుపై వరుసగా వేయు గుండ్లు దానికి బాధనే గాని చావును తేవు. ఈ సత్యము నెరిగియే కాబోలు, 1967లో వెలువడిన థాంప్సన్ సెంటర్ కంటెండర్ అను ఒక్క తూటా పిస్తోలును అమెరికన్ వేటగాండ్రు అంతగా ఆదరించిరి. వెనుకకు పోవు స్లైడు లేదు, మ్యాగజైను లేదు. గొట్టమును వంచి తూటా నొకదానిని చేతితో పెట్టుటయే. అందులో ఏ గుండైనను కూర్చుండును.

1983లో 10 మిల్లీమీటర్ల తూటా వచ్చినప్పుడు పాత కథ మరల నడచెను. పిస్తోలు విద్యలో ప్రసిద్ధుడైన జెఫ్ కూపర్ ప్రోత్సాహముతో కాలిఫోర్నియాలో పుట్టిన బ్రెన్ టెన్ పిస్తోలు అనేకమందికి మ్యాగజైను లేకయే చేరెను! కంపెనీ 1986లో కూలెను. కాని ఈమారు తూటా బ్రదికినది. నార్మావారు దానిని చేయుచుండిరి. 1987లో కోల్టువారు దానికొక పిస్తోలు చేసిరి. పిదప ఆస్ట్రియాలోని గ్లాక్ కంపెనీ పదునైదు తూటాలు పట్టు తన ఇరువదవ నమూనాను తెచ్చెను. .44 కంటె తక్కువ శక్తి, .45 కంటె ఎక్కువ శక్తి. యంత్రము నిలువగల చోటును దాటకుండ పైయంచువరకు పోయిన తూటా అది. ఈశాన్య గ్రీన్‌లాండు మంచుటెడారిలో కుక్కల బండ్లపై తిరుగు డెన్మార్కువారి సిరియస్ గస్తీదళము హిమభల్లూకముల నుండి ఆత్మరక్షణకై ఈ గ్లాకునే నడుమున ధరించుచున్నది. ఆ దళమువారు చిరకాలము ప్రధానాయుధముగా వాడినది మాత్రము 1917 నాటి ఎన్‌ఫీల్డు నమూనా .30-06 రైఫిలు, ప్రతి గుండునకును బోల్టును చేతితో లాగవలసినదే. అంతటి చలిలో నూనె గడ్డకట్టినను బోల్టును కదల్చుటకు చేతి బలము చాలును గనుక చాలకాలము దానిని మార్చుకొనుట కవసరము కలుగలేదు.

(సశేషము)